అటకా, కాలేయమూ, నేనూ

కొలెస్టరాల్ నోట్లోంచి లోపలికి పోయే పదార్థమనీ, నోటిని అదుపులో పెట్టుకుంటే చాలుననీ నమ్మి బతికినవాణ్ణి. రక్తపరీక్ష కాగితంలో ఒక అంకె పక్కన చుక్క గుర్తు కనిపించిన రోజే మా ఇంటి నేతిగిన్నెను వంటింట్లోంచి దేవుడి గదికి బదిలీ చేశాను. దీపారాధనకు తప్ప మరి దేనికీ నెయ్యి వాడరాదని శాసనం. కోడిగుడ్డు తిన్నా తెల్లసొనే. పచ్చసొన తీసి పళ్లెం అంచున పెట్టి, దానికేసి మహా వైరాగ్యంతో చూసేవాణ్ణి. ఎవరింటికైనా వెళ్లినప్పుడు పెసరట్టు మీద నెయ్యి వేస్తే మాత్రం వద్దనేవాణ్ణి కాదు. మన నియమాలు పరాయి వంటింటి మీద రుద్దడం మర్యాద కాదు కదా!

ఈ నిష్ఠనంతా మా అమ్మాయి ఒక్క ఫోన్లో నేలమట్టం చేసింది. అది హైదరాబాదులో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతుంది. తండ్రికి చెప్పడం మాత్రం దానికి సరదా.

"నాన్నా, ఒక పచ్చసొనలో ఉండేది సుమారు 200 మిల్లీగ్రాములు. నీ ఒళ్లు రోజూ సొంతంగా తయారుచేసుకునేది ఒక గ్రాము దరిదాపుల్లో ఉంటుంది. నువ్వు పళ్లెంలో వదిలేసిన దానికి నాలుగైదింతలు లోపల తయారవుతూనే ఉంది."

"నాతో చెప్పకుండానా?" అన్నాను.

"మీతో చెప్పి ఏ పని జరిగింది గనక ఈ ఇంట్లో!" అంది వెనకనుంచి మా ఆవిడ. ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడే మగవాడికి ఇలాంటివి తప్పవు.

కణాల గోడలకు కొలెస్టరాల్ కావాలట. హార్మోన్లకు కావాలట. ఒంటికి ఎండ తగిలితే తయారయ్యే విటమిన్ డికీ మూలం ఆ కుదురులోనే ఉందట. అంచేత తయారు చేసుకోవడంలో తప్పులేదు. చిక్కంతా వదిలించుకోవడంలోనే. చక్కెరని ఒళ్లు కాల్చేస్తుంది, కొవ్వునీ కాల్చేస్తుంది, చివరికి గాలీ నీళ్లూ మిగులుతాయి. కొలెస్టరాల్‌లో మాత్రం 27 కార్బన్ పరమాణువులున్నాయి. అందులో నాలుగు చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. వాటిని బద్దలుకొట్టే ఎంజైము మనిషి ఒంట్లో లేదు. కాల్చలేం, విరగ్గొట్టలేం, ఉన్నదున్నట్టుగానో కాస్త రూపం మార్చో బయటికి సాగనంపాలి. ఆ పని ప్రధానంగా కాలేయానిది, ఆ దారి పైత్యరసానిది.

ఇక్కడ నా గుట్టొకటి విప్పాలి. నాకు వస్తువులు బయటికి పంపడం చేతకాదు. మా అటక మీద ఏముందో చెబితే మీకు నా మీద ఉన్న కాస్త గౌరవమూ పోతుంది, అయినా చెబుతాను. మోటారు కాలిపోయిన మిక్సీ. టీవీ పోయాక మిగిలిన రిమోటు. ఊళ్లోవాళ్ల పెళ్లి శుభలేఖలు కట్టలు కట్టలు, వెనకవైపు తెల్లగా ఉంది కదా, లెక్కలు వేసుకోవచ్చని. రకరకాల వైర్లు, ఒక్కదానికీ రెండో కొస ఎందులో గుచ్చాలో తెలీదు. స్వీటు షాపు ప్లాస్టిక్ డబ్బాలు, ఒకదాని మూత మరోదానికి పట్టదు. మా నాన్నగారి సైకిలు పంపు, తుప్పుతో సహా. "ఎప్పటికైనా పనికొస్తుంది" అన్న మాట మా వంశంలో మగవాళ్లకు పొలాల కంటే పదిలంగా అందిన ఆస్తి.

కాబట్టి మా అమ్మాయి చెప్పినదంతా నాకు అటక మీదుగానే అర్థమైంది. కాలేయ కణంలోనూ విరగ్గొట్టలేని సామాను పేరుకుంటుంది. రెండేసి కణాల మధ్య వెంట్రుకకంటే సన్నటి కాలవ ఒకటి పారుతుంది. సామాను ఆ కాలవలోకి చేర్చితే, అక్కణ్ణుంచి పైత్యనాళం, పిత్తాశయం, పేగు.

"ఆ గుమ్మం దగ్గర ఏబీసీజీ5, ఏబీసీజీ8 అని రెండు ప్రోటీన్లుంటాయి నాన్నా."

"పేర్లు పెట్టినవాళ్లకి పిల్లల్లేరేమో పాపం."

"పేర్లకేం గానీ, అవి జంటగా తప్ప పనిచేయవు. విడివిడిగా ఉంటే గుమ్మం దాకా కూడా రాలేవు, కణం లోపలే ఉండిపోతాయి. రెండూ కలిస్తేనే గుమ్మానికి చేరి, శక్తి ఖర్చుపెట్టి, కొలెస్టరాల్‌ని బయటికి తోస్తాయి."

మా ఇంట్లో ఈ ఉద్యోగం మా ఆవిడదీ, మా అత్తగారిదీ. మా ఆవిడ నిచ్చెన ఎక్కాలి, మా అత్తగారు నిచ్చెన పట్టుకోవాలి. అత్తగారికి ఎనభై దాటాయి గానీ నిచ్చెన పట్టులోనూ, కిందనుంచి ఇచ్చే ఆజ్ఞల్లోనూ ఆవిడకు తిరుగులేదు. ఇద్దరిలో ఒక్కరు ఊళ్లో లేకపోయినా నా అటక మీద సాలెగూడు కూడా చెదరదు.

కణంలో కొలెస్టరాల్ ఎక్కువైతే దాన్నుంచి పుట్టే కొన్ని పదార్థాలను ఎల్‌ఎక్స్‌ఆర్ అనే ప్రోటీను పసిగడుతుందట. పసిగట్టి జన్యువులకు కబురు పెట్టి, ఈ జంటల్ని ఇంకా ఇంకా తయారు చేయిస్తుందట. మా అటక నిండే కొద్దీ మా అత్తగారి రాకపోకలు ఎందుకు పెరుగుతాయో నాకు అప్పుడు బోధపడింది. ఇంతకాలం కూతురి మీద బెంగ అనుకున్నాను.

ఈ జంట చెడితే ఏమవుతుందో కూడా చెప్పింది. 1974లో భట్టాచార్య, కానర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒక వింత జబ్బును వర్ణించారు. గింజల్లో, వంటనూనెల్లో సిటోస్టెరాల్ అని కొలెస్టరాల్‌కు చుట్టమొకటి ఉంటుంది. మామూలు మనిషి ఒంట్లో అది దాదాపుగా నిలవదు. వచ్చిందాన్ని వచ్చినట్టే ఈ జంట పేగులోంచీ కాలేయంలోంచీ గెంటేస్తుంది. ఆ అక్కచెల్లెళ్ల రక్తంలో మాత్రం అది పేరుకుపోయింది, చర్మం కింద కొవ్వు గడ్డలు కట్టాయి. ఈ జబ్బుకు మూలం ఆ జంట జన్యువుల్లోని లోపమని 2000 ప్రాంతంలో తేలింది. ఈ జబ్బున్నవాళ్లకు గుండె రక్తనాళాలు చిన్నవయసులోనే పూడుకుపోయే ప్రమాదం ఉందట. "విన్నారా?" అంది మా ఆవిడ. ఆ ప్రశ్న నాకే అని తెలిసినా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

కానీ జంట మరీ జోరుగా పనిచేసినా తంటానే. ఏబీసీజీ8లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారినవాళ్లలో పిత్తాశయంలో రాళ్లు ఎక్కువని 2007లో కనుక్కున్నారు. గబగబా బయటికి తోసేస్తే లోపలి ఇల్లు శుభ్రం, వీధిగేటు దగ్గర మేట. ఈ ముక్క వినగానే "విన్నావా?" అన్నాను నేను. ఆవిడ అప్పటికే వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇక నా అసలు బంధువు కథ. అదే గుమ్మంలో ఎన్‌పీసీ1ఎల్1 అనే మరో ప్రోటీను కాపురముంటుంది. దాని పనల్లా, జంట కష్టపడి బయటికి తోసిన కొలెస్టరాల్‌లోంచి కొంత మళ్లీ లోపలికి లాక్కురావడం. నేను ఉలిక్కిపడ్డాను. మా ఆవిడ గేటు దగ్గర పెట్టించిన గోనెసంచిలోంచి రాత్రి అందరూ పడుకున్నాక నాన్నగారి సైకిలు పంపును వెనక్కి తెచ్చుకున్న సంగతి దీనికెవరు చెప్పారు?

చుంచెలుకల కాలేయంలో ఈ ప్రోటీను దాదాపు ఉండదట. మనిషిది తీసి వాటి కాలేయంలో పనిచేసేలా పెట్టి చూస్తే, పైత్యరసంలోని కొలెస్టరాల్ పది నుంచి ఇరవై రెట్లు తగ్గిపోయిందని 2007లోనే మరో పరిశోధన చెప్పింది. అంటే చుంచెలుక పారేసినదాన్ని పారేస్తుంది. పారేసినదాన్ని మళ్లీ ఇంట్లోకి తెచ్చుకునేది మనిషి కాలేయం! ఈ విషయంలో నేను ఒంటరివాణ్ణి కానని తెలిసి గుండె నిబ్బరమైంది. ఆ నిబ్బరం ఎంతోసేపు నిలవలేదు.

"ఎజెటిమైబ్ అని ఒక మాత్ర ఉంది. అది ఈ ప్రోటీను పనిచేయకుండా ఆపుతుంది. ముఖ్యంగా పేగులో. ఆ ఎలుకలకు అదిస్తే పైత్యరసంలో కొలెస్టరాల్ మళ్లీ మామూలైంది" అంది అమ్మాయి.

"ఆ మాత్ర మీ నాన్నకు రోజుకెన్ని వేయాలే?" అని వంటింట్లోంచి కేక.

సరే, గుమ్మం దాటించారు. అంతటితో అయిపోలేదు. కొలెస్టరాల్ నీళ్లలో కరగదు, పైత్యరసమేమో చాలామటుకు నీళ్లే. మోసుకుపోయే బండి లేకపోతే సామాను గేటు దగ్గరే పడి ఉంటుంది. ఆ బండి పైత్య లవణాలు. అవి వేటితో తయారవుతాయో వింటే మీరు నమ్మరు. కొలెస్టరాల్‌తోనే! పాత సామాన్లోంచే బండి కట్టి, ఆ బండి మీదే మిగతా పాత సామాను తోలుకుపోవడం. ఇంత తెలివి నా ఒంట్లోనే ఉండగా ఆ మిక్సీ ఎందుకు అలా పడి ఉందో నాకు అర్థం కాలేదు.

ఒంట్లో ఈ లవణాలు మొత్తం కలిపి మూడు గ్రాముల దరిదాపుల్లో ఉంటాయి. అంత కొద్ది సరుకు రోజుకు నాలుగు నుంచి పన్నెండుసార్లు పేగులోకి దిగి, పని చూసుకుని, చిన్నపేగు చివర్లో మళ్లీ రక్తమెక్కి కాలేయానికి తిరిగొస్తుంది. నూటికి తొంభై అయిదు పాళ్లు వెనక్కే. పోయిన కాస్తా, అంటే రోజుకు అరగ్రాము చొప్పున, కాలేయం కొత్తగా కట్టుకుంటుంది. ఎక్కువ కట్టదు. లవణాలు బాగా తిరిగొస్తుంటే చిన్నపేగే ఎఫ్‌జీఎఫ్19 అనే హార్మోను చేత కబురంపుతుంది, ఇక చాలు ఆపమని. కాలేయం ఆపుతుంది. చాలని ఒకరు చెబితే ఆపే గుణం నా ఒంట్లో ఏ మూలో ఉందని తెలియడమే నాకు పెద్ద వార్త.

మా ఆవిడ రాత్రిళ్లు గ్లాసులో కలిపిచ్చే ఇసబ్‌గోల్ పొట్టు వెనక మర్మమూ ఇదేనట. ఆ జిగురు కొన్ని లవణాలను పట్టుకుని విరేచనంలో బయటికి తీసుకుపోతుంది. బళ్లు తగ్గాయని కాలేయం కొత్తవి కడుతుంది, కట్టడానికి సరుకు కావాలి గనక రక్తంలోని కొలెస్టరాల్‌ని లాక్కుంటుంది. నేను మాత్రం ఇన్నాళ్లూ ఆ గ్లాసును మొక్కల కుండీలో పోస్తున్నాను. మా తులసికి కొలెస్టరాల్ లేదు, అదో తృప్తి.

లవణాలు ఒక్కటే చాలవు. అవి సబ్బు జాతి, గరుకు స్వభావం, ఒంటరిగా వదిలితే నాళాల గోడల్నే కొరుకుతాయి. అందుకని కాలేయం వాటితోపాటు లెసిథిన్‌ని కూడా వదులుతుంది. దానికి ఏబీసీబీ4 అని వేరే గుమాస్తా ఉన్నాడు. లవణాలూ లెసిథినూ కలిసి కంటికి కనిపించని చిన్న ఉండలవుతాయి, ఆ ఉండల కడుపులో కొలెస్టరాల్ దాక్కుని ప్రయాణం చేస్తుంది. నేను పళ్లెం అంచున పెట్టి వైరాగ్యం ఒలకబోసిన పచ్చసొనలో దండిగా ఉండేది ఆ లెసిథినే. తిన్న లెసిథిన్ సరాసరి పైత్యరసంలోకి పోదులే అని అమ్మాయి ఓదార్చింది గానీ, నాకు పచ్చసొన ముందు ముఖం చెల్లలేదు.

మూడు సరుకుల పాళ్లు ఎలా ఉంటే కరుగుతుంది, ఎలా ఉంటే గడ్డకడుతుంది? 1968లో అడ్మిరాండ్, స్మాల్ అనే ఇద్దరు దీన్ని ఒక త్రిభుజంలో చూపించారు. లవణాలకో భుజం, లెసిథిన్‌కో భుజం, కొలెస్టరాల్‌కో భుజం. ఎవరి పైత్యరసమైనా అందులో ఒక బిందువు. బిందువు ఒక గీతకు ఇవతల ఉంటే అంతా కరిగి ఉంటుంది, అవతలికి జరిగితే స్ఫటికాలు. నేను లెక్కల మేష్టారుగా రిటైరైనవాణ్ణి. ఊళ్లో సగంమంది చేత త్రిభుజాలు గీయించాను, గీయనివాళ్లను బెంచీ ఎక్కించాను. నా కడుపులోనే ఒక త్రిభుజం ఉందనీ, అందులో నా బిందువు గీత దాటుతోందనీ మాత్రం గ్రహించలేకపోయాను.

దాటించింది ఎవరో కాదు, ఒక సఫారీ సూటు.

అదీ అటక మీదిదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో కుట్టించినది, బిస్కట్ రంగు. మా బావమరిది కూతురి పెళ్లి కుదిరేసరికి, "పనికొస్తుందని చెప్పానా లేదా!" అని విజయగర్వంతో దించాను. సూటు దిగింది గానీ నేను అందులోకి దిగలేదు. పొట్ట దగ్గర బొత్తానికీ కాజాకీ మధ్య జానెడు దూరం. ఇంకేముంది, ఉపవాసాలు మొదలుపెట్టాను. పొద్దున్న టిఫిను లేదు, మధ్యాహ్నం దాకా మంచినీళ్లు, ఆపైన కీరదోసకాయ ముక్కలూ నీళ్లమజ్జిగా. వారానికి కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్ల ముప్పు పెరుగుతుందని వైద్యులు హెచ్చరిస్తారు. నేను ఆ హద్దు దాటి, దాటినందుకు వీధివీధినా గొప్పలు చెప్పుకున్నాను.

లోపల జరిగినదేమిటంటే: ఒంటి కొవ్వు కరిగేటప్పుడు అందులో దాక్కున్న కొలెస్టరాల్ కూడా బయటపడుతుంది. అదంతా కాలేయానికి చేరితే, కాలేయం బుద్ధిగా పైత్యరసంలోకి తోస్తుంది. బళ్లు మాత్రం కదలవు. తిండి లేనప్పుడు లవణాల ప్రవాహం బాగా తగ్గుతుంది, కొలెస్టరాల్ ప్రవాహం అదే పాళ్లలో తగ్గదు. మామూలు మనిషికి కూడా రాత్రి నిద్రలో పైత్యరసం కాస్త కొలెస్టరాల్ బరువెక్కి ఉంటుందట. నేను ఆ రాత్రిని మధ్యాహ్నం దాకా సాగదీశాను. పైగా పిత్తాశయం పట్టేదే 30 నుంచి 50 మిల్లీలీటర్లు. అందులో చేరిన రసంలోంచి అది నీళ్లు పీల్చేసి చిక్కబరుస్తుంది. భోజనంలో కాస్త కొవ్వు తగిలితేనే పేగునుంచి కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను వచ్చి దాన్ని పిండుతుంది. ఈ హార్మోనును 1928లోనే కనిపెట్టారు, మా నేతిగిన్నె దేవుడి గదిలో ఉందని దానికి తెలిసే దారి మాత్రం లేదు. పిండేవాళ్లు లేక రసం నిలవైంది, నిలవైనది జిగురుకట్టింది, జిగురులో స్ఫటికాలు తేలాయి.

పెళ్లికి సూటు పట్టింది. బొత్తాలన్నీ పడ్డాయి. పందిట్లో ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "బాగుందండీ, మీ నాన్నగారిదా?" అని అడిగారు.

తర్వాత అమ్మాయి బలవంతం మీద చేయించుకున్న హెల్త్ చెకప్‌లో స్కానింగ్ ఆయన నా కుడి డొక్క మీద యంత్రం ఆనించి, ఒక్క క్షణం ఆగి, "చిన్న చిన్న రాళ్లున్నాయండీ" అన్నాడు. మా ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "అక్కడ కూడానా?" అంది.

డాక్టరుగారు నిదానస్తులు. మన దేశంలో ఉత్తరాదిన కొలెస్టరాల్ రాళ్లు ఎక్కువనీ, మన దక్షిణాదిన బిలిరుబిన్‌తో తయారయ్యే నల్లరాళ్లు కూడా బాగానే ఉంటాయనీ, మీవి ఏ రకమో బయటికి తీస్తేగానీ కచ్చితంగా చెప్పలేమనీ అన్నారు. రాళ్లు కరిగించడానికి అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం అని మందుందట, మొదట ఎలుగుబంటి పైత్యరసంలో దొరికినది. కాలేయం కొలెస్టరాల్‌ని తక్కువగా వదిలేలా చేస్తుంది గానీ అన్ని రాళ్లకూ పనిచేయదట. "వేళకు తినండి, పొద్దున్న టిఫిను మానకండి, మితంగా నెయ్యీ నూనే పడనివ్వండి, బరువు తగ్గితే మెల్లగా తగ్గండి. నొప్పి లేదు కాబట్టి ఇప్పుడు ఆపరేషను అక్కర్లేదు. నొప్పీ జ్వరమూ కామెర్లూ లాంటివి వస్తే వెంటనే రండి. అందాకా అవి అక్కడే ఉండొచ్చు."

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. "ఉండొచ్చా?"

"ఉండొచ్చండీ. చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టవు."

పుట్టి బుద్ధెరిగాక, నా దగ్గరున్న ఒక వస్తువును ఉంచుకోవచ్చని ఒక చదువుకున్న మనిషి నాతో అనడం అదే మొదలు. రాసిమ్మన్నాను. ఆయన నవ్వుతూ చీటీ మీద రాసిచ్చారు. ఇంటికొచ్చి ఆ చీటీని మా ఆవిడకు మళ్లీ మళ్లీ చదివి వినిపించాను. నెయ్యి వంటింటికి తిరిగొచ్చింది, పచ్చసొన పళ్లెం మధ్యకొచ్చింది, ఇసబ్‌గోల్ నా ఎదుటే నిలబడి తాగించడం మొదలైంది. రాళ్ల ఊసు మాత్రం మా ఆవిడ ఎత్తలేదు. ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే గేటు ముందు ఆటో ఆగింది. మా అత్తగారు దిగారు. కాళ్లు కడుక్కున్నారు, కాఫీ తాగారు, గ్లాసు కింద పెట్టి నావైపు ప్రసన్నంగా చూశారు.

"రాళ్లదేముందిలెండి అల్లుడుగారూ, డాక్టరే ఉండనిమ్మన్నాడట కదా" అన్నారు. "నిచ్చెన ఎక్కడ పెట్టారు?"